వెనుకనున్న చిన్న మాట
(మన సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



ఈనాటి విషయము విన్నంతనే మీలో కొందరు నవ్వుకొనియుందురు. బట్టల కొట్టులో మీటరు బద్ద పట్టుకొనువాడు ఇంగ్లీషు వ్యాకరణమును గూర్చి మాట్లాడుటయా యని. మా చదువు పదవ తరగతితో ఆగినది. దానిని దాచుకొనవలసిన పని లేదు. ఐనను, ఒక చిన్న ఇంగ్లీషు మాట తెలియక మనవారొకరు రెండు నెలలు చూపు లేక గడపవలసివచ్చెను. మరియొక చిన్న మాట తెలియక మేము ఒక పండుగ వ్యాపారమును పోగొట్టుకొంటిమి. ఈ రెండు సంగతులును విన్న పిమ్మట నవ్వవలసియున్న నవ్వవచ్చును.

తిరువళ్లూరులో చిరకాలముగా మన సంఘమున సభ్యులైన ఒక పెద్దాయనకు కంటిలో శుక్లము ముదిరెను. శస్త్రచికిత్సకు ఆసుపత్రివారు తేదీ యిచ్చిరి. దానికి రెండు దినములు ముందుగా ఆయన సెల్‌ఫోనునకు ఇంగ్లీషులో ఒక సందేశము వచ్చెను. అందు ‘యువర్ సర్జరీ హాజ్ బీన్ పుట్ ఆఫ్ టు ది ట్వెంటీ సెకండ్’ అని యుండెను. ఆయనకు అక్షరములు కానరావు. మనుమరాలిని పిలిచి చదివించుకొనెను. ఆ పిల్ల ఇంగ్లీషు మాధ్యమమున తొమ్మిదవ తరగతి చదువుచున్నది, తెలివి గలది.

‘ఆఫ్ అంటే ఆపేయడం తాతా. ఆపరేషన్ ఆపేసినారు’ అనెను.

‘మరి ఇరవై రెండు అంటున్నారే?’

‘ఇరవై రెండు దాకా ఆఫ్ ఏమో. మళ్లీ వాళ్లే చెబుతారులే.’

ఇంటిలో ఫ్యాను ఆఫ్ చేయుదుము, దీపము ఆఫ్ చేయుదుము. ఆఫ్ అనగా ఆగుట యని పిల్ల యనుకొనుటలో వింత యేమున్నది? ఇరవై రెండవ తేదీ గడచిపోయెను. తరువాత విచారింపగా, ఆ దినమున పేరు పిలిచితిమి, మీరు రాలేదనిరి. మరల తేదీ దొరకుటకు రెండు నెలలు పట్టెను. ఆ రెండు నెలలును ఆయన గడప దాటవలెనన్న ఒకరి చేయి పట్టుకొనవలసివచ్చెను.

మేము పరామర్శకై పోయినపుడు ఆ పిల్ల తన నోటు పుస్తకము తెచ్చి చూపెను. దానిని మేము మరువజాలము. అందు వరుసగా వ్రాసిన నలువది మాటలలో ఏడవది ‘పుట్ ఆఫ్’. దాని యెదుట ‘పోస్ట్‌పోన్’ అని వ్రాసి, ఉపాధ్యాయులు ఎర్ర సిరాతో సరియని గీత గీసియుండిరి. పరీక్షలో మార్కు కూడ వచ్చినదట. ‘పోస్ట్‌పోన్ అనగా నేమమ్మా?’ అని యడిగితిమి. ఆ పిల్ల క్షణమాలోచించి, ‘పుట్ ఆఫే కదా మామా’ అనెను.

పెద్దాయన మంచముమీద కూర్చుండి వినుచుండెను. ‘వాయిదా వేసినారని ఒక్క మాట చెప్పుంటే నేనే పోయుంటానే’ అనెను. కోర్టు వాయిదాలు, చీటీ వాయిదాలు ఎరిగిన మన యిండ్లలో వాయిదా యనిన తెలియనివారు లేరు. ఆ పిల్లకును ఆ మాట తెలియును. కాని ఆ తెలుగు మాటయు, ఈ ఇంగ్లీషు మాటయు ఆమె తలలో వేరువేరు గదులలో నుండెను. నడుమ తలుపు ఎవరును తెరువలేదు.

ఇక మా సంగతి. తిరుత్తణిలో ఆడికృత్తికకు వచ్చు కావడి భక్తులు పసుపుపచ్చని బట్టలు కట్టుదురు. ఆ పండుగకు నెల ముందుగానే ధోవతులు, తుండ్లు తెప్పించి యుంచుట మావంటి వారి పని. ఒక సంవత్సరము దూరపు టోకు వర్తకులకు సరకు పంపుమని వ్రాసితిమి. వారు పాత బాకీ విషయమై ఒక ప్రశ్న వేసి, చివర ‘వి ఆర్ హోల్డింగ్ ఆఫ్ ద డిస్పాచ్ టిల్ వి హియర్ ఫ్రమ్ యు’ అని వ్రాసిరి. హోల్డ్ అనగా పట్టుకొనుట యని మాకు తెలియును. మన సరకును ఇతరులకీయక మన కొరకు పట్టి యుంచినారు, రేపో మాపో లారీ ఎక్కును అని సంతోషించితిమి. వారు మా జాబునకు ఎదురుచూచుచుండిరి. మేము వారి లారీకి ఎదురుచూచుచుంటిమి. తొమ్మిది దినములట్లు గడచెను. హోల్డ్ వెనుక ‘ఆఫ్’ చేరిన యెడల దగ్గరకు పట్టుకొనుట కాదు, దూరముగా ఆపియుంచుట యని ఆ సరకు పండుగ దాటిన పిమ్మట వచ్చి మాకు నేర్పినది. తప్పు వారిది కాదు. వారు వ్రాసినది శుద్ధమైన ఇంగ్లీషు. ఆ బేళ్లు మరుసటి ఆడికృత్తిక వరకు అటుకమీద నుండెను. మడతలవద్ద రంగు వెలిసి సగము ధరకు పోయెను.

ఇట్టి మాటలను ఇంగ్లీషువారు ‘ఫ్రేజల్ వెర్బ్’ అందురు. మేము ఈ ప్రసంగమున జంటక్రియ యని పిలిచెదము. ఒక చిన్న క్రియ, దాని వెనుక అప్, ఆఫ్, ఔట్, ఓవర్, ఇన్, డౌన్ వంటి యొక చిన్న మాట. రెండును కలిసినపుడు పుట్టు అర్థము ఒక్కొక్కపుడు ఆ రెంటిలో దేనియందును ఉండదు. మన తిరుత్తణి కొండకు 365 మెట్లు కలవు. వాటినెక్కుటను ‘గో అప్’ అన్నచో అప్ అనగా పైకి యని ఎవరికైనను తెలియును. కాని ‘గివ్ అప్’ అన్నపుడు ఇచ్చుట లేదు, పైకి పోవుట లేదు. మానుకొనుట మాత్రమే కలదు. చిక్కంతయు ఇచటనే.

ఈ చిక్కు మనకే కాదు, వారి పండితులకును తోచినదే. డాక్టరు జాన్సన్ 1755లో తన గొప్ప నిఘంటువును ప్రకటించినపుడు, పీఠికలో ఈ జంటలను ప్రత్యేకముగా పేర్కొని, పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవి ఇవియే యని ఒప్పుకొనెను. ఫ్రేజల్ వెర్బ్ అను పేరు మాత్రము చాల ఇటీవలిది. లోగన్ పియర్సల్ స్మిత్ అను నతడు 1925లో తన పుస్తకమున దానిని అచ్చువేసెను. ఆ పేరును సూచించినవాడు నిఘంటుకారుడైన హెన్రీ బ్రాడ్లీ. తరువాత 1930లో ఆగ్డెన్ అను నాయన లోకులందరు సులభముగా నేర్చుటకై 850 మాటలతో ఒక చిన్న ఇంగ్లీషును కట్టెను. అందు క్రియలు 18 మాత్రమే: కమ్, గో, గెట్, గివ్, పుట్, టేక్, మేక్, కీప్ మొదలగునవి. పదునెనిమిది క్రియలతో సంసారమెట్లు సాగును? వాటి వెనుక చిన్న మాటలను చేర్చియే సాగించెను. మాటల సంఖ్య తగ్గినది గాని కష్టము తగ్గినదా యని మాకు సందేహము. కొట్టులో పెట్టెలు తక్కువైనంత మాత్రమున సరకు తక్కువ కాదు గదా.

మన పెద్దలు నేర్చిన ఇంగ్లీషు వేరు. అది అర్జీల ఇంగ్లీషు. పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్, టాలరేట్, సరెండర్ - ఇట్టి పెద్ద మాటలు అందులో నిండియుండెను. అవి లాటిను మూలమునుండి వచ్చినవి. మన తెలుగులో సంస్కృత సమములవంటివి. పుట్ ఆఫ్, లుక్ ఇన్‌టు, పుట్ అప్ విత్, గివ్ అప్ అనునవి అదే పనికి వారు ఇంటిలో వాడుకొను మాటలు. మనము సభలో ‘విచారణ జరుపుట’ యందుము, ఇంటిలో ‘ఏమైందో చూచిరా’ యందుము. అట్లే. అర్జీ వ్రాయగల పెద్దవారు కూడ నేటి సెల్‌ఫోను సందేశమునకు తడబడుటకు కారణమిదియే. ఆసుపత్రి, బ్యాంకు, రైలు టిక్కెట్టు, సరకు రవాణా, అమెరికాలోనున్న అల్లుని జాబు - అన్నిటిలోను నేడు వచ్చునది ఇంటి ఇంగ్లీషు.

తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని మనము ప్రతి సభలో స్మరింతుము. 1888లో ఇచట తెలుగింటిలో పుట్టి, తొలి చదువు ఇచటనే చదివి, 1936 నుండి 1952 వరకు ఆక్స్‌ఫర్డులో స్పాల్డింగ్ ఆచార్య పదవి వహించిరి. ఆయన పేరు చెప్పి పిల్లలను ‘ఇంగ్లీషు చదువు, ఇంగ్లీషు చదువు’ అని తరుముదుము. తెలుగు మాట్లాడు ఇంటినుండియే ఆయన ఆ ఇంగ్లీషునకు పోయిరను సంగతి చెప్పుట మాత్రము మరతుము.

ఇపుడు మేము చెప్పదలచిన అసలు మాటకు వచ్చెదము. ఈ జంటక్రియలు మనకు క్రొత్తవి కావు. ఇవి పుట్టినప్పటినుండి మన నోటిలో నున్నవి.

‘కనిపెట్టు’ అను మాటను తీసికొనుడు. కనుట యనగా చూచుట. పెట్టుట యనగా ఉంచుట. చూచి యుంచుటలో ‘ఫైండ్ ఔట్’ అను అర్థము ఎచటినుండి వచ్చినది? ఎవరును మనకు నేర్పలేదు, మనమెవరిని అడుగలేదు. ‘బాగుపడు’ అందుము. పడుట క్రిందికి, బాగగుట పైకి. వ్యాపారములో బాగుపడినవాడు ఎచట పడినాడు? ‘కాలిపోవు’ అన్నపుడు కాలినది ఎచటికి పోయినది? ‘చేయిచేసికొను’ అన్నపుడు చేసినదేమి, కొన్నదేమి? ఒక దొరగారు మన వీథిలో దిగి తెలుగు నేర్చుకొనబూనినచో, మనము గివ్ అప్ వద్ద నిలిచినట్లే ఆయన కనిపెట్టు వద్ద నోరు తెరచుకొని నిలుచును.

తమిళ సోదరుల భాషలో కూడ ఇదే పద్ధతి. వారు ‘కండుపిడి’ యందురు, చూచి పట్టుట. మనము చూచి పెట్టుదుము, వారు చూచి పట్టుదురు, ఇంగ్లీషువారు ‘ఫైండ్’ వెనుక ‘ఔట్’ను పెట్టుదురు. తమిళమున ‘విట్టుక్కొడు’ అని యొక చక్కని మాట కలదు. విడిచి యిచ్చుట. భాగస్వాముల తగవులో పంతము సడలించువాడు చేయు పని అది. ఇంగ్లీషులో దానిని ‘గివ్ ఇన్’ అందురు. ఇచ్చుట రెంటిలోను ఉన్నది, చూడుడు. రెండు భాషలు నోట నున్న మన పిల్లలకు ఈ తాళముచెవులు రెండున్నవి. ఒకటి చేజారినను ఇంకొకటి యున్నదని తలపవలదు. తాళము తీయుటకు చెవి యొకటి యున్నదని తెలియవలెను గదా. ఆ తెలివియే ఎవరును ఇచ్చుట లేదు.

వ్యాపారపు జాబుల చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ అని యుండును. ఇరువది సంవత్సరములు దానిని అర్థమెరుగకయే మేము వ్రాయుచుంటిమి. సంతకమునకు పైన ఉండవలసిన అలంకారమనుకొంటిమి. ఒకనాడు తట్టినది: లుక్ అనగా చూచు, ఫార్వర్డ్ అనగా ముందునకు, ఎదురునకు. ఎదురుచూచు! మాటకు మాట సరిపోయినది. ఆ దినము మాకు కలిగిన సంతోషము ఒక పెద్ద బేరము కుదిరినంత.

ఇట్లు వెదకుటకు మొదలిడినచో చాల దొరకినవి. ఈట్ అప్ - తినివేయు. టేక్ అప్ - చేపట్టు. హ్యాండ్ ఓవర్ - అప్పగించు. లెట్ గో - విడిచిపెట్టు. మేక్ డూ - సరిపెట్టుకొను. రైట్ ఆఫ్ - కొట్టివేయు. రాని బాకీని చిట్టాలో ఏమి చేయుదుమో అదియే. ‘ఎండ్ అప్’ అను దానికి చాలకాలము దొరకలేదు. ఆ మీదట మా యింటిలోనే వినబడినది. ‘డాక్టరు కావలసినవాడు, బట్టలకొట్టు పెట్టుకొని కూర్చున్నాడు’ అని ఎవరో మమ్మునే అనుచుండిరి. ఆ కూర్చుండుట యున్నదే, అదియే ఎండ్ అప్.

కావున పిల్లలకు ఇంగ్లీషు జంటకు ఇంగ్లీషు అర్థము వ్రాయించి వల్లె వేయించుట చాలదు. పుట్ ఆఫ్ అనగా పోస్ట్‌పోన్ అని వ్రాయించినచో గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు దారి చూపినట్లగును. ఒక నిత్యవ్యవహారపు వాక్యము చెప్పవలెను. దానికి మన తెలుగు వాక్యము చెప్పవలెను. ‘దే పుట్ ఆఫ్ ద వెడ్డింగ్’ - పెండ్లి వాయిదా వేసిరి. ‘దే కాల్డ్ ఆఫ్ ద వెడ్డింగ్’ - పెండ్లి మానుకొనిరి. రెండింటను ఆఫ్ ఉన్నది. కాని ఒకదానిలో పందిరి మరల వేయుదురు, రెండవదానిలో పందిరి విప్పుదురు. ఈ భేదమును తెలుగులో విన్న పిల్ల ఇక జన్మలో మరువదు.

వెనుకనున్న చిన్న మాటకు కొంత స్వభావము కలదు. దానిని పట్టుకొన్నచో సగము దారి తెలియును. ఆఫ్ అనునది తరచు వేరుచేయును, తొలగించును: చెప్పులు విడుచుట ‘టేక్ ఆఫ్’, తెగగోయుట ‘కట్ ఆఫ్’, బాకీ తీర్చివేయుట ‘పే ఆఫ్’, తేదీని దూరమునకు త్రోయుట ‘పుట్ ఆఫ్’, సరకును దూరముగా నిలుపుట - మేము ఎరిగిన ‘హోల్డ్ ఆఫ్’. అప్ అనునది పైకి అను అర్థము పోయినచోట తరచు పనిని పూర్తి చేయును. మన ‘వేయు’ ‘పోవు’ చేయు పని: ‘యూజ్ అప్’ అనగా వాడివేయుట, ‘డ్రై అప్’ అనగా ఎండిపోవుట. ఓవర్ అనునది చేతులు మార్చును, లేక ఒకవైపునుండి మరియొకవైపునకు దాటించును. మన జీఎస్టీ పత్రములలో టర్నోవర్ అని వ్రాయుదుము గదా. సరకు డబ్బై, డబ్బు మరల సరకై తిరుగుటయే అది.

ఐనను ఈ స్వభావమును నమ్మి గ్రుడ్డిగా పోరాదు. ఇల్లు కాలినను ‘బర్న్ డౌన్’ అందురు, కాగితము కాలినను ‘బర్న్ అప్’ అందురు, మంట యొకటే. పొదటూరుపేట ప్రాంతమున మరమగ్గముల వ్యాపారము చేయు ఒక యువకునికి అప్పు దరఖాస్తు ‘టర్న్డ్ డౌన్’ అని జవాబు వచ్చెను. టీవీ ధ్వనిని డౌన్ చేయుదురు గావున, అడిగిన మొత్తమును తగ్గించి ఇచ్చెదరని యాతడు సంతోషించి, నూలుకు బయానా ఇచ్చివేసెను. టర్న్ డౌన్ అనగా త్రోసిపుచ్చుట. ఆ బయానా తిరిగి రాలేదు.

వాక్యములో మాటల వరుసను గూర్చి కూడ ఒకటి చెప్పవలసియున్నది. అది పిల్లలకు పరీక్షలోను, పెద్దలకు ఫోనులోను చిక్కు పెట్టును. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అనవచ్చును, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అనవచ్చును. కాని మీటింగునకు బదులు ‘దానిని’ అన్నపుడు ‘పుట్ ఇట్ ఆఫ్’ అనియే యనవలెను. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. స్టేషనునుండి అల్లుని తీసికొని రమ్మని కారు డ్రైవరునకు చెప్పునపుడు ‘పిక్ హిమ్ అప్’ అనవలెను. మనవారు ‘పిక్ అప్ హిమ్’ అందురు. ఇది యొక వర్గము. రెండవ వర్గమున జంట విడదు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ - ఆమెను చూచుకొనుము. ‘లుక్ ఇన్‌టు ఇట్’ - దానిని విచారింపుము. ఇచట నడుమ ఎవరికిని చోటు లేదు. ఏది ఏ వర్గమో తెలియుటకు రాజమార్గము లేదు. వాక్యములు వాక్యములుగా చెవిన పడవలసినదే.

లుక్ ఇన్‌టు అను మాట వచ్చినది గావున ఒక చిన్న సంగతి. మన పిల్లల తెలుగు పుస్తకముల విషయమై మన సంఘము పలుమార్లు అర్జీలు పెట్టినది. ఒకమారు ‘ద మ్యాటర్ విల్ బి లుక్డ్ ఇన్‌టు’ అని ప్రత్యుత్తరము వచ్చెను. చదివి మిఠాయి పంచుకొంటిమి. లుక్ ఇన్‌టు అనగా లోనికి తొంగిచూచుట మాత్రమే, ఇచ్చెదమనుట కాదు. దాని తరువాత ‘ద ప్రపోజల్ విల్ బి పుట్ అప్’ అని వచ్చెను. అది కచేరీ మాట: కాగితమును పై యధికారి బల్లమీదికి పంపుదుమని. అంతియే. చేసితిమనుటకు ‘క్యారీడ్ ఔట్’ అని రావలెను. ‘క్యారీడ్ ఓవర్’ అని వచ్చినచో వచ్చు సంవత్సరమునకు మోసికొని పోవుదురని యర్థము. మిఠాయి ఎపుడు పంచుకొనవలెనో తెలిసికొనుటకైనను ఇవి నేర్వవలసియున్నది.

మన దేశమున మాత్రమే చెల్లు జంటలు కొన్ని కలవు. వాటిని తప్పని పారవేయనక్కరలేదు, హద్దులు తెలిసియుండిన చాలును. రైలులో మనవారు ‘ఐ విల్ గెట్ డౌన్ ఎట్ తిరువళ్లూర్’ అందురు. ఇంగ్లండువారు ‘గెట్ ఆఫ్’ అందురు. తెలుగున ‘దిగు’, తమిళమున ‘ఇఱంగు’ - రెండును క్రిందికి వచ్చుటయే గావున మన నోట డౌన్ వచ్చినది. తిరువళ్లూరు స్టేషనులో దానివలన ఎవరికిని నష్టము లేదు. కాని మనవారి పిల్లవాడొకడు విదేశపు కళాశాలకు వ్రాయుచు, తాను ఫలానా సంవత్సరమున ‘పాస్డ్ ఔట్’ అని వ్రాసెను. చదువు ముగించితినని యాతని భావము. అచట దానికి సామాన్యార్థము స్పృహ తప్పి పడిపోతినని. వారు చదివి ఏమనుకొనిరో యేమో.

ఇంత చెప్పుటకు కారణమొకటి యున్నది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1వ తేదీవరకు చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కరుగారి నిర్ణయముననుసరించి 1959లో చేసిన సరిహద్దుల చట్టము వలన ఆ దినమున ఇటు వచ్చినది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని సత్యవేడు ప్రాంతము అటు పోయినది. ఊళ్లు కదలలేదు, మనము కదలలేదు. 2006లో చేసిన చట్టము వలన ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠమైనది. ఇచట బ్రతుకువారికి తమిళము కావలసినదే. దానిని మేము ఆక్షేపించుట లేదు. కాని మన తల్లిదండ్రులు ఇంకొక లెక్క వేయుచున్నారు. తమిళము బడికి, ఇంగ్లీషు బ్రతుకునకు, ఇక తెలుగు దేనికి, ఆ గంట కూడ ఇంగ్లీషునకే యిచ్చిన నాలుగు మార్కులు పెరుగును గదా యని. మన ఆదివారపు తెలుగు తరగతికి వచ్చు పిల్లలు తగ్గుటకు కారణము ఈ లెక్కయే. వ్యాపారిగా చెప్పుచున్నాము, ఈ లెక్కలో తప్పున్నది. ‘ఎదురుచూచు’ ఎరుగని పిల్లకు ‘లుక్ ఫార్వర్డ్’ ఒక పొడి మాట. ‘తినివేసినాడు’కును ‘తిన్నాడు’కును గల భేదము చెవికి తెలిసిన పిల్లకు ‘ఈట్ అప్’ను వివరింపనక్కరలేదు. బాలవ్యాకరణము వ్రాసిన చిన్నయసూరి పుట్టినది మనకు పొరుగుననున్న శ్రీపెరుంబూదూరులోనే. ఆయన ఊరికి ఇంత దగ్గరగా నుండి, కొను, వేయు, పోవు, పెట్టు అను నాలుగు మాటలు చేయు పని మన పిల్లలకు చెప్పలేకపోవుచున్నాము.

ఈ విషయమున మేము ఆరంభించిన పని చిన్నది. ఆ పెద్దాయన మనుమరాలిచేతనే ఆరంభింపజేసితిమి. ఒక పెద్ద చిట్టా పుస్తకము, మా కొట్టులోనిదే, మూడు గడులు గీసి ఇచ్చితిమి. మొదటి గడిలో ఇంగ్లీషు వాక్యము, రెండవదానిలో తెలుగు వాక్యము, మూడవదానిలో తమిళ వాక్యము. మాట కాదు, వాక్యమే వ్రాయవలెనని నియమము. ఇంగ్లీషు వాక్యము కూడ పుస్తకములోనిది కారాదు. ఎవరికైనను నిజముగా వచ్చిన జాబునుండియో, సెల్‌ఫోను సందేశమునుండియో, బ్యాంకు కాగితమునుండియో తీసినది కావలెను. పేర్లు, మొత్తములు వ్రాయనక్కరలేదు. మొదటి వాక్యము ఏదియో మీరూహింపగలరు. దాని యెదుట ఆ పిల్ల తన చేతితో ‘ఆపరేషనును ఇరవై రెండవ తేదీకి వాయిదా వేసినారు’ అని వ్రాసినది. తమిళ గడిని తాతగారే చెప్పి వ్రాయించిరి.

ఆదివారపు తరగతిలో మొదటి అరగంట దీనికి ఇచ్చునట్లు ఉపాధ్యాయులు అంగీకరించిరి. పెద్దలు కూడ రావచ్చును. తమకు అర్థము కాని సందేశములను తీసికొని రావచ్చును. నవ్వువారెవరును లేరు, మా పసుపు బట్టల కథ విన్న తరువాత ఎవరు నవ్వుదురు? పళ్లిపట్టునుండి వచ్చు నేతవారికి వేళ కుదరదన్న యెడల పుస్తకమును నెలకొకమారు అటు పంపెదము.

ఇప్పటికి పుస్తకమున డెబ్బదియారు వాక్యములు చేరినవి. రెండు గడులును నిండని వరుసలు మొదట పదునొకటి యుండెను. వాటిలో పదింటికి ఎవరో ఒకరు మాట తెచ్చి యిచ్చిరి. ‘గెట్ అలాంగ్’కు మా తల్లిగారు ‘సర్దుకొనిపోవు’ అని వంటింటిలోనుండి కేకవేసి చెప్పిరి. మిగిలినది ‘హ్యాంగ్ ఔట్’. స్నేహితులతో ఏ పనియు లేక కూడియుండి కాలము గడపుట యని పిల్లలు చెప్పుచున్నారు. మన తాతలు ఆ పనిని ప్రతి సాయంకాలము అరుగులమీద శ్రద్ధగా చేయుచుండిరి గాని, దానికొక క్రియను ఏర్పరచిపోలేదు. ఆ గడి ఖాళీగా నున్నది. తెలిసినవారు ఆదివారమున వచ్చి చెప్పగోరుచున్నాము.